ఆవకాయ మోయని ప్రయాణం

“ఆవిడకేం తల్లీ! నాలుగుసార్లు అమెరికా చూసొచ్చింది!”

మా స్నేహితురాలొకామె గురించి వాళ్ళ వీధివాళ్ళు అనే మాట ఇది. వినీ వినీ ఒకరోజు ఉండబట్టలేక ఆమెనే అడిగాను, “నాలుగుసార్లు వెళ్ళావు గదా, ఏమేం చూశావే?” అని. ఆమె లెక్కల టీచరుగా చేసి రిటైరైన మనిషి. లెక్క తప్పకుండా చెప్పింది. “పెద్దదానికి రెండు పురుళ్ళు, చిన్నదానికి రెండు. పురుటికి ఆరేసి నెలలు. మొత్తం రెండేళ్ళు. ఆ రెండేళ్ళలో వంటిల్లు చూశాను. బట్టలుతికే మెషీను చూశాను. ఉయ్యాల చూశాను. కిటికీలోంచి మంచు చూశాను. ఒక్కసారి నయాగరాకి తీసుకెళ్ళారు. చంటివాడికి చలిగాలి తగులుతుందని వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కార్లో కూచున్నాను. చప్పుడు మటుకు బాగా వినిపించింది.”

2025 జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన రెండోరోజున, మేం నలుగురు స్నేహితురాళ్ళం శ్రీలంకకి బయల్దేరాం. చెన్నై విమానాశ్రయంలో బల్లల మీద కూచుని ఉండగా ఈవిడ ఉన్నట్టుండి, “నేను విదేశం వెళ్ళడం ఇదే మొదటిసారి” అంది. మేం ముగ్గురం ఘొల్లున నవ్వాం. ఆమె నవ్వలేదు. కాసేపటికి మా నవ్వూ ఆగిపోయింది.

అప్పటినుంచీ ఈ మాట ఎక్కడో అక్కడ గట్టిగా అనాలని నాకు ఒకటే తపన. అనేస్తున్నాను. పురుడు పోయడానికి వెళ్ళడం పురుడు పోయడమే. దానికి “ఫారిన్ చూసొచ్చింది” అని పేరు పెట్టకండి. చాకిరీకి సరదా అని పేరు పెట్టి, ఆ సరదా తీరిపోయిందని లెక్క రాసి, “ఇంకేం కావాలి నీకు?” అని అడగకండి.

నా మీద కోపం తెచ్చుకోకండి. కూతురి పురుడు పోయడం తప్పని నేనంటానా? నేనూ ఆడపిల్ల తల్లినే. మనవణ్ణి మొదటిసారి చేతుల్లోకి తీసుకున్న సంతోషం ముందు ఏ జలపాతమూ చాలదు. పిల్లలూ ఊరికే పిలవరు. అమెరికాలో 1993లో వచ్చిన చట్టం ప్రకారం పురుటికి దొరికే సెలవు 12 వారాలు. అదీ జీతం లేకుండా. ప్రైవేటు కొలువైతే 50 మందికి తక్కువ కాకుండా పనిచేసే కంపెనీ అయివుండాలి. కొన్ని రాష్ట్రాలూ, కొన్ని కంపెనీలూ తమంతట తాము జీతంతో సెలవిస్తాయి గాని, దేశమంతటికీ వర్తించే అలాంటి చట్టమంటూ లేదు. మన దేశంలో 2017లో చట్టం సవరించి, మొదటి ఇద్దరు బిడ్డలకీ 26 వారాల జీతపు సెలవు చేశారు. అక్కడ మన పిల్లకి ఆ భాగ్యం లేదు. చంటిబిడ్డని చూసే కేంద్రాలకి కట్టే డబ్బు చూస్తే గుండె గుభేలుమంటుంది. అప్పుడు ఎవరు గుర్తొస్తారు? అమ్మ! అంత పెద్ద దేశపు చట్టం ఇవ్వని సెలవుని, మోకాళ్ళ నొప్పులున్న మన నెల్లూరు అమ్మ తన ఒంటితో ఇస్తోంది. ఇవ్వనివ్వండి. ప్రేమతోనే ఇస్తోంది. కాని ఆ ఇచ్చినదాన్ని ఆవిడ పుచ్చుకున్న ఖాతాలో రాస్తారే, అదీ నా తగువు.

అనుమానముంటే పెట్టె విప్పి చూడండి. అమెరికా వెళ్ళే అమ్మ పెట్టెలో ఏముంటుంది? ఆవకాయ, మాగాయ, కందిపొడి, కరివేపాకు పొడి, బాలింతకి కాయం, బిడ్డకి సున్నిపిండి, అల్లుడికి ఇష్టమని మణుగుబూలు, పొత్తిళ్ళకని మెత్తటి పాత నూలు చీరలు. 23 కిలోలు దాటితే విమానంవాళ్ళు ఊరుకోరని ఇంట్లో తూకం వేసి, బరువెక్కువైతే మొదట తీసి పక్కన పెట్టేది ఏమిటి? తన చీరలు! అవునా, కాదా? మీరే చెప్పండి.

ఇక మా శ్రీలంక సంగతి. దీనికి చాలా వెనకటి కథ ఉంది. మేం ఆడపిల్లల హైస్కూల్లో చదువుకునే రోజుల్లో మా ఐదుగురిలో ఒకరింట్లోనే రేడియో బాగా పలికేది. రేడియో సిలోన్‌లో తెలుగు పాటలు వచ్చే వేళకి అందరం అక్కడ చేరేవాళ్ళం. మీనాక్షి పొన్నుదురై గారి గొంతు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. సముద్రం అవతలనుంచి ఒక ఆడమనిషి తెలుగులో పలకరించి పాట వేస్తుంటే మాకదో వింత. “ఎప్పటికైనా సిలోను వెళ్ళి ఆ గొంతు ఎక్కణ్ణుంచి వస్తోందో చూడాలే” అనుకున్నాం. అనుకుని యాభై ఏళ్ళు ఊరుకున్నాం.

యాభై ఏళ్ళు ఎందుకు పట్టిందంటే దూరం వల్ల కాదు సుమండీ. నెల్లూరు నుంచి చెన్నై రైల్లో మూడు గంటలు. చెన్నై నుంచి కొలంబో విమానంలో గంటన్నర కూడా పట్టదు. వాచీలో ముళ్ళు కూడా తిప్పుకోనక్కర్లేదు, వాళ్ళకీ మనకీ వేళ ఒకటే. హైదరాబాదులో పెళ్ళికి వెళ్ళాలంటే మాకు రాత్రల్లా ప్రయాణం. మరి అడ్డం వచ్చిందేమిటి? మాటలు. ఆ మాటలకి ఒక్కొక్కదానికీ జవాబు చెప్పుకోవాలి.

మొదటిది: “ఆడవాళ్ళు ఒక్కళ్ళే వెళతారా?” అయ్యా, నలుగురం వెళుతున్నాం. నలుగురు మగవాళ్ళు శబరిమల వెళితే “స్నేహితులతో వెళ్ళారు” అంటారు. నలుగురు ఆడవాళ్ళు వెళితే “ఒక్కళ్ళే” అంటారు. ఆడవాళ్ళు ఎంతమంది చేరినా ఒకటి కిందే జమా? మా లెక్కల టీచరమ్మకి కూడా ఈ లెక్క అంతుపట్టలేదు.

రెండోది: “ఈ వయసులో ఎందుకమ్మా రిస్కు?” ఇది మా అమ్మాయి ఫోన్లో అన్న మాట. ఈ అమ్మాయే పోయినేడు, “నువ్వు ఒక్కదానివే వచ్చెయ్యి, మధ్యలో విమానం మారడం ఏమంత కష్టం కాదు” అని నాకు ధైర్యం చెప్పింది. ఏవో అవాంతరాలొచ్చి నేను వెళ్ళలేకపోయాను, అది వేరే సంగతి. పురుటికి ఇరవైగంటల పైచిలుకు ప్రయాణం చెయ్యగల వయసు, సరదాకి గంటన్నర ప్రయాణం చెయ్యలేనిది ఎలా అయిందో! మన వయసు కూడా వాళ్ళ అవసరాన్నిబట్టి పెరుగుతూ తరుగుతూ ఉంటుంది కాబోలు.

మూడోది: “అంత డబ్బు దండగ.” మేం మూడేళ్ళు నెలకి 2000 చొప్పున మాలో మేమే కూడబెట్టుకున్నాం. మనిషికి 72 వేలు. దానిలోనే వెళ్ళొచ్చాం. “ఆ డబ్బుతో బంగారం కొనుక్కోవచ్చుగా” అన్నారొకరు. 2025 జనవరి ధర ప్రకారం ఆ డబ్బుకి పది గ్రాములైనా వచ్చేది కాదు. వచ్చినా ఏం చేస్తాం? లాకర్లో పెట్టి, తాళం బీరువాలో పెట్టి, బీరువా తాళం ఎక్కడ పెట్టామో వెతుక్కుంటాం.

నాలుగోది, అన్నింటికంటె తియ్యనైనది: “నేను తీసుకెళతాగా!” ఇది మావారి మాట. ఆయన మంచివారే, మాట నిలబెట్టుకునేవారే. కాని ఇంటిల్లిపాదితో వెళ్ళే ప్రయాణం మనకి తెలియనిదా? పులిహోర పొట్లాలు మనం కట్టాలి. బీపీ మాత్రల డబ్బా మన చేతిసంచీలో ఉండాలి. హోటల్లో పక్కదుప్పటి బాగాలేకపోతే అది మన తప్పు. ఫోటోలో అందరూ ఉన్నారా అని చూసేదీ మనమే, ఆ ఫోటోలో లేనిదీ మనమే. ఇంటిని చక్రాల మీద ఎక్కించి ఊరు మారిస్తే అది విహారం అవుతుందా?

ఐదోది: “నీకు పాస్‌పోర్టెలా వస్తుంది? మీ ఆయన సంతకం కావాలిట.” ఎవరు చెప్పారమ్మా? భర్తగారి అనుమతి పత్రం అక్కర్లేదు. పెళ్ళి ధ్రువపత్రం కూడా ఇవ్వక్కర్లేదని విదేశాంగ శాఖ 2016 డిసెంబరులో ప్రకటించింది. నేను నా పాస్‌పోర్టుకి కట్టినది 1500 రూపాయలు. 36 పేజీలు, పదేళ్ళ గడువు.

ఇన్ని చెప్పాను గాని, నా తప్పూ ఒకటి ఒప్పుకోవాలి. మేం పండగ మానుకుని వెళ్ళలేదు. భోగి, సంక్రాంతి, కనుమ మూడురోజులూ చేసి, అరిసెలు వండి డబ్బాలకెత్తి, పప్పుపొడి కొట్టి, ఏడు రోజులకి ఏడు రకాల పచ్చళ్ళూ పొడులూ ఫ్రిజ్‌లో వరసగా పేర్చి మరీ వెళ్ళాం. అప్పుడది బాధ్యత అనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే లంచమనిపిస్తోంది. మన సెలవు మనం తీసుకోవడానికి ఇంటికి లంచం పెట్టుకున్నామన్నమాట. అడిగినవాళ్ళెవరూ లేరు. మనమే పెట్టాం. కనక తప్పంతా మగవాళ్ళ మీదికి తోసెయ్యడానికి వీల్లేదు. (మావారు వారంలో చిక్కిపోలేదు. ఉప్మా చెయ్యడం నేర్చుకున్నారు. ఆ ఉప్మా గురించి నేనేమీ రాయను.)

కొలంబోలో దిగగానే విమానాశ్రయం మీద బండారనాయకె గారి పేరు. మన లెక్కల టీచరమ్మ, “ఈవిడే కదూ ప్రపంచంలో మొదటి మహిళా ప్రధాని?” అంది. 1960లో ప్రధాని అయిన సిరిమావో బండారనాయకె ఆవిడే. కాని విమానాశ్రయానికి పెట్టింది వాళ్ళాయన పేరు. “పోన్లే, ఇంటిపేరొకటే గదా!” అని సర్దుకున్నాం. సర్దుకోవడం మనకి కొత్తా?

కాండీలో బుద్ధుడి దంతాన్ని భద్రపరిచిన దేవాలయం చూశాం. అక్కడ తెల్లచీరలు కట్టుకుని తామరపూలు పట్టుకుని వెళుతున్న ఆడవాళ్ళని చూస్తే మన నాగార్జునకొండ గుర్తొచ్చింది. మూడో శతాబ్దంలో అక్కడ బోధిసిరి అనే ఉపాసిక సింహళపు ఆచార్యుల కోసం చైత్యం కట్టించినట్టు శాసనం ఉంది. సముద్రం అవతలి సంగతులు మన గడ్డమీద ఆడదానికి పదిహేడువందల ఏళ్ళ కిందటే పట్టాయి. ఇవాళ మనకి పడితే మటుకు వింతట!

నువారా ఎలియా దగ్గర సీత ఎలియా అనే చోట సీతమ్మ గుడి ఉంది. సీతమ్మని ఉంచిన అశోకవనం అదేనని అక్కడి నమ్మకం. పక్కనే సెలయేరు, చుట్టూ కొండలు. చల్లటి గాలి. అంత అందమైన చోట నాకెందుకో కళ్ళు చెమర్చాయి. మనకి తెలిసిన కథల్లో సముద్రం దాటిన మొదటి ఆడది ఆ తల్లే. తన ఇష్టంతో కాదు. ఈ కొండల అందం ఆమెకేం కనిపించి ఉంటుంది?

గుడి దాటితే తేయాకు తోటలు. వీపున బుట్టలతో ఆకు కోస్తున్న ఆడవాళ్ళు అరవంలో మాట్లాడుకుంటున్నారు. నెల్లూరువాళ్ళం గనక మాకూ కొద్దోగొప్పో అర్థమైంది. తెల్లదొరల కాలంలో, పందొమ్మిదో శతాబ్దంలో, అరవదేశం నుంచి కూలికి తెచ్చినవాళ్ళ సంతతి వాళ్ళు. వాళ్ళ అవ్వలు కూడా సముద్రం దాటారు. “ఫారిన్ వెళ్ళిన అదృష్టవంతులు” అని వాళ్ళనెవరైనా అన్నారా? అనరు. కూలికి వెళ్ళారంటారు. అది నిజం గనక. వాళ్ళ కష్టంతో మన కష్టాన్ని పోల్చేటంత తెలివితక్కువదాన్ని కాను. కాని పనికి వెళ్ళినదాన్ని పనికి వెళ్ళిందనే అనాలన్న న్యాయం మటుకు అందరికీ ఒకటే కదా!

ఆ మర్నాడు నాను ఓయా స్టేషన్లో రైలెక్కి ఎల్లా అనే చిన్న ఊరు వెళ్ళాం. దారి పొడుగునా మబ్బులు కిటికీలోంచి లోపలికి వస్తున్నాయి. అక్కడ కొండల మధ్య తొమ్మిది కమానుల వంతెన ఉంది. 1921 నాటిది. ఇనుము లేకుండా రాయి, ఇటుక, సిమెంటుతో కట్టారు. దాన్ని చూస్తూ మా టీచరమ్మ అరగంట నిలబడింది. చంకలో చంటివాడు లేడు, “అమ్మా, పాలు వేడిచేశావా?” అని పిలిచేవాళ్ళు లేరు.

పొద్దున్న మేం దిగిన ఇంటివాళ్ళు ఇడియాప్పం, కొబ్బరి సంబల్ తెచ్చి బల్లమీద పెట్టారు. టీచరమ్మ అలవాటుగా లేచి అందరికీ వడ్డించబోయింది. ఆ ఇంటావిడ సైగచేసి కూచోమంది. కూచుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, “ఇప్పుడేం చెయ్యాలే?” అని అడిగింది నన్ను. అరవై రెండేళ్ళ మనిషి! నలభై ఏళ్ళు పిల్లలకి కూడికలూ తీసివేతలూ చెప్పిన మనిషి! “ఏమీ చెయ్యక్కర్లేదు. తిను” అన్నాను. తింది. వేడివేడిగా, ఎవరో వండినది, అందరితోపాటు కూచుని. ఆమె పెట్టెలో ఆవకాయ లేదు. ఆరు చీరలూ, ఒక శాలువా, ఒక నవలా ఉన్నాయి. అన్నీ తనవే.

చివరిరోజు కొలంబోలో రేడియో కేంద్రం చూడ్డానికి వెళ్ళాం. ఇండిపెండెన్స్ స్క్వేర్ దగ్గర ఉంది. 1972 నుంచీ దానికి శ్రీలంక బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ అని పేరు. లోపలికి వెళ్ళలేదు. బయట నిలబడి చూశాం. పెద్ద విశేషమేమీ కాదు, ఒక పాత భవనం. ఎవరమూ మాట్లాడలేదు.

ఇందాక ఐదుగురమని చెప్పి, నలుగురం వెళ్ళామన్నాను. మీరు గమనించే ఉంటారు. రేడియో ఉన్న ఇల్లు ఐదో ఆమెది. అందరికంటె ముందు పాస్‌పోర్టు చేయించుకున్నదీ ఆమే. ఏటా సెలవులు వచ్చేటప్పటికి, “ఈసారి అత్తగారికి బాగాలేదు”, “ఈసారి అబ్బాయి పరీక్షలు”, “ఈసారి కోడలు వస్తోంది. వచ్చే ఏడు చూద్దాంలే” అనేది. 2021 వేసవిలో కోవిడ్‌తో పోయింది. దినకర్మలయ్యాక వాళ్ళబ్బాయి కాగితాలు సర్దుతూ ఆ పాస్‌పోర్టు నా చేతికిచ్చాడు. తిరగేసి చూశాను. లోపల ఒక్క ముద్ర లేదు. అన్ని పేజీలూ కొత్తవి. ఆ సాయంత్రమే మిగిలిన నలుగురం కూచుని డబ్బు కూడబెట్టడం గురించి మాట్లాడుకున్నాం.

కొలంబోలో ఆ భవనం ముందు నిలబడి నేననుకున్నది ఇదే. ఆమెని ఎవరూ ఆపలేదు. ఆ ఇంట్లో దుర్మార్గులెవరూ లేరు. అందరూ మంచివాళ్ళే. అత్తగారు మంచిది, భర్త మంచివాడు, పిల్లలు ముత్యాల్లాంటివాళ్ళు. అందరి అవసరాలూ నిజమైనవే. ఆ నిజమైన అవసరాల వరసలో చివరన నిలబడినదాని వంతు వచ్చేలోపల కొట్టు మూసేశారు. మంచి కుటుంబంలో ఉన్న ఆడదానికి వచ్చే ప్రమాదం ఇదీ. చెడ్డవాళ్ళతోనైతే పోట్లాడొచ్చు. మంచివాళ్ళతో ఎలా పోట్లాడతాం?

పోట్లాడక్కర్లేదు. తేదీ చెపితే చాలు. “వెళ్ళనా?” అని అడగడం వేరు. “ఫలానా తేదీన వెళుతున్నాను” అని చెప్పడం వేరు. మేం రెండోది ఆలస్యంగా నేర్చుకున్నాం. మీరు తొందరగా నేర్చుకోండి. శ్రీలంకే వెళ్ళాలనేం లేదు. సముద్రమే దాటాలనీ లేదు. డబ్బు కూడకపోతే పక్క జిల్లాకి వెళ్ళండి. కాని మీకోసం వెళ్ళండి, మీకు నచ్చిన మనుషులతో వెళ్ళండి. కూతురు పురుటికి పిలిస్తే తప్పకుండా వెళ్ళండి. వెళ్ళొచ్చాక ఎవరైనా “అమెరికా చూసొచ్చావుటగా” అంటే, “లేదమ్మా, పనిమీద వెళ్ళొచ్చాను” అని నవ్వుతూ చెప్పండి.

మా టీచరమ్మ ఇప్పుడు అలాగే చెపుతోంది. వీధిలోవాళ్ళు, “అయితే మరి నువ్వు చూసిన దేశమేది?” అని అడిగారుట. వంతెన దగ్గర తీసిన ఫోటో చూపించింది. అందులో ఆమె ఒక్కతే ఉంది. చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయి.

వచ్చే దసరా సెలవులకి ఎక్కడికన్నది ఇంకా తేలలేదు. తేదీ మటుకు ఇళ్ళల్లో చెప్పేశాం.